తూకం తప్పిన జత

నమోదు 1. మృగశిర కార్తె

నా పేరు మద్దిలేటి. వయసు నలభై ఎనిమిది. ఎండ పలకల సాలలో మరమ్మతు పని చేస్తాను. నలభై నాలుగో ఏట రాత్రి బడిలో చేరి, దేహశాస్త్రంతో సహా అన్ని పాఠాలలోనూ మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణుడనయ్యాను. గొప్ప కోసం ఇది రాయడం లేదు. నమోదు చదివేవారికి రాసినవాడి యోగ్యత తెలిసి ఉండాలి.

ఈ ఉదయం వైద్యశాలలో డాక్టర్ షమీమ్ గారు నా రక్తపరీక్ష ఫలితం చూసి, "జబ్బు ఇంకా లోపలికి రాలేదు మద్దిలేటిగారూ, వాకిట్లో నిలబడి చెప్పులు విప్పుతోంది" అన్నారు. రక్తంలో చక్కెర హద్దు దగ్గరకు వచ్చిందట. కాలేయానికి కొవ్వు పట్టిందట. మందు రాయలేదు. తిండి, నడక, నిద్ర మార్చుకోమన్నారు. మార్చుకున్నప్పుడు ఒంట్లో ఏమవుతుందో రాసి చదువుల గదిలో ఉంచితే, నా వయసువాళ్ళు చదువుకుంటారని కూడా అన్నారు. చదివినవాణ్ణి గనుకనే ఈ పని నాకు అప్పగించారని భావిస్తున్నాను.

నా లెక్క సులువైనది. తినేది తగ్గి, నడక పెరిగితే, ఒళ్ళు తగ్గుతుంది. రెండో ముద్ద సంగటి మానేశాను. సాల దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మానేశాను. టీలో బెల్లం మానేశాను. నా భార్య సుంకులమ్మ గ్లాసు అందిస్తూ నా ముఖంలోకి చూసి, "బెల్లం ల్యాకుండా టీ తాగే మొగమా ఇది! ఎన్నాళ్ళో సూస్తాంలే" అన్నది.

నమోదు 2. ఆరుద్ర కార్తె

ఫలితం ఊహించినదానికంటె వేగంగా ఉంది. నడుముపట్టీకి కొత్త బెజ్జం పొడిచాను. మధ్యాహ్నం భోజనం తరువాత కళ్ళు మూతలు పడటం తగ్గింది. సుంకులమ్మ టీ గురించి మాట్లాడటం మానేసింది.

కాని ఒక ఇబ్బంది ఎదురైంది. అది నా ఒంటిలో కాదు, తొట్టిలో.

లోయ గోడలో కట్టుకున్న ఊరు మాది. పైన ఎండ పలకలు, అడుగున ఏరూ తోటలూ, నడుమ ఒకదాని కింద ఒకటిగా తొలిచిన ఇళ్ళ వరుసలు. పలకలు పట్టిన కరెంటు గదులు చల్లబరచడానికీ, నీళ్ళు పైకి ఎక్కించడానికీ చాలీచాలకుండా సరిపోతుంది. మనుషులను ఎక్కించడానికి మిగలదు. అందువల్ల ఒకే గొలుసుకు రెండు కొసలా రెండు తొట్లు. ఒకటి దిగితే రెండోది ఎక్కుతుంది. నా ఇల్లు అడుగువరుసలో, పని పైన. ఓబులక్క ఇల్లు పైవరుసలో, పని అడుగున మిరపతోటలో. ఎదురు ప్రయాణమూ సమాన తూకమూ ఉన్న ఇద్దరిని ఊరు ఒక జతగా కడుతుంది. మమ్మల్ని పందొమ్మిదేళ్ళ కిందట కట్టారు. ఒకే పళ్ళెంలో ఉగ్గాని తినిపించి, ఒకే ఇత్తడి బిళ్ళ మీద ఇద్దరి పేర్లూ కొట్టి, గొలుసుకు తగిలించారు.

సగం దారిలో నడిమి గడప ఉంది. అక్కడ రెండు తొట్లూ పక్కపక్కన ఆగుతాయి. చక్రం చల్లారగానే గంట మోగుతుంది, ఎవరి దారి వారిది. ఆ కాసేపట్లోనే మా మాటలు. ఓబులక్క ఇంటికి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అయినా ఆమె కోడలు ఎప్పుడు అలిగిందో, ఏ మడిలో ముడత తెగులు వచ్చిందో నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఇద్దరమూ సమంగా లావెక్కుతూ వచ్చాం. మంచి జత అంటే మమ్మల్నే చూపించేవారు.

ఈ ఉదయం ఆమె తొట్టి విసురుగా దిగి గడప దగ్గర దబ్బున ఆగింది. కమ్మీలు రెండు చేతులా పట్టుకొని, "ఏం తమ్ముడా, నువ్వు ఎక్కినావా, ల్యాక నీ చొక్కా ఒగటే ఎక్కి వచ్చిందా?" అన్నది.

"నా దేహం మార్పు దశలో ఉంది అక్కా."

"దశ సంగతి దేవుడెరుగు. నా గుండె నోట్లోకొచ్చింది."

సాయంత్రం దీనికి తలకిందులైంది. దిగవలసిన నా తొట్టి తేలికై, కదలక నిలిచిపోయింది. తూకందారు దస్తగిరి చక్రానికి పిడి తగిలించి, చేత్తో తిప్పి దింపాడు. చెమట తుడుచుకుంటూ, "మద్దిలేటన్నా, నువ్వు బక్కపడతాండావు, నాకు దండలు బలుస్తాండాయి. మా ఇంట్లోది అనుమానపడతాంది" అన్నాడు.

నమోదు 3. పునర్వసు కార్తె

పున్నమి తూకం జరిగింది. ఓబులక్క డెబ్బై ఎనిమిది కిలోల దగ్గరే ఉంది. నేను డెబ్బై మూడున్నర. జతలో తేడా నాలుగు కిలోలు దాటకూడదన్నది నియమం.

దస్తగిరి నా తొట్టిలో ఒక రాళ్ళ మూట కట్టాడు. గర్భిణులకూ, జ్వరపడి లేచినవాళ్ళకూ కట్టే మూట అది. వెనుకటికి ఒక మూట తెగి పడి అడుగువరుస నీటికాలువను పగలగొట్టిందట. అప్పటినుంచి మూటకు మూడు పున్నములు మాత్రమే గడువు. ఆ లోపల తేడా పూడకపోతే బిళ్ళ విప్పుతారు.

బిళ్ళ విప్పితే నాకు వచ్చే నష్టం తక్కువ. నా తూకపు మనుషులు చాలామంది ఉన్నారు. ఓబులక్కకు యాభై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పి. పైన ఇల్లు, కింద పని, ఆ తూకం, మూడూ కలిసే మనిషి ఇప్పుడు ఊళ్ళో లేడు. తొట్టి లేనివారికి తోట ఉండదన్నది ఊరి వాడుక. ఆమె మళ్ళు వేరేవాళ్ళకు పోతాయి. ఆ మిరప విత్తనం ఆమె తల్లి నాటినుంచి ఏటేటా ఎంచి దాచుకున్నది.

గడప దగ్గర ఈ మాట నేనే ఆమెకు చెప్పాను.

"తోట పోతే ఇంగ నేను పైవరుసలో వడియం మాదిరి ఎండుకుంట కూర్చోవల్ల" అన్నది. గంట మోగింది.

నమోదు 4. ఆశ్లేష కార్తె

తూకం నిలిచిపోయింది. అదే తిండి, అదే నడక, అయినా ముల్లు కదలడం లేదు. లెక్క తప్పినందుకు నాకు కోపం వచ్చింది.

డాక్టర్ గారు నవ్వారు. మొదట్లో త్వరగా దిగినదానిలో చాలా భాగం నీరట. కండలూ కాలేయమూ చక్కెరను దాచుకుంటూ, దానితో పాటు నీటిని పట్టి ఉంచుతాయి. తిండి తగ్గగానే రెండూ ఖాళీ అవుతాయి. ఆ తరువాత ఒళ్ళు జాగ్రత్త పడుతుంది. రాబడి తగ్గిన ఇల్లాలు దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్టు, తక్కువతోనే గడుపుకోవడం నేర్చుకుంటుంది. "ముల్లు ఆగినంత మాత్రాన ఒంట్లో పని ఆగలేదు" అని, నా చక్కెర మళ్ళీ కొలిచి చూపించారు. అది దిగింది.

చక్కెర దిగిందన్న సంతోషం తొట్టి ఎక్కేదాకానే నిలిచింది. రాళ్ళ మూట నా కాళ్ళ దగ్గరే ఉంది. మరునాడు నేను చేసిన ఆలోచన చదువుకున్నవాడు చేయదగినది కాదు. ఆకులో ఉగ్గాని, నాలుగు బజ్జీలు కట్టించుకొని తొట్టి ఎక్కాను. నాలుగు వారాలు పాత తిండి తింటే తేడా పూడుతుంది.

ఓబులక్క గడప దగ్గర ముక్కు ఎగబీల్చింది. "బజ్జీ వాసన. ఎవురికది?"

"నాకే. జత నిలవాలి గదా అక్కా."

"ఇట్ల తే."

కమ్మీల సందులోంచి పొట్లం లాక్కొని కొంగులో కట్టుకుంది. "ఇది మా తోట మేకలకు. నా మిరపచెట్ల కోసరం నువ్వు జబ్బు కొని తెచ్చుకుంటావా? నీ ఉసురు తగిలి కాయంతా చప్పబడతాది. తగ్గేదేదో నేనే తగ్గుతా. ఏం తింటాండావో, ఏం మానినావో రాసియ్యి."

నాకు ఎంతో సంతోషమైంది. "తూకం ఒకటైతే ఒళ్ళు ఒకటే" అని మా ఊళ్ళో సామెత. నా ఒంటికి పనిచేసినది ఆమె ఒంటికీ పనిచేయాలి. ఆ సాయంత్రమే శుభ్రమైన కాగితం మీద, గీతలు గీసి, నా పద్ధతి అంతా రాసి ఇచ్చాను.

నమోదు 5. మఖ కార్తె

గడువులో మొదటి పున్నమి గడిచింది. నేను డెబ్బై రెండున్నర. ఓబులక్క అర కిలో మాత్రమే తగ్గింది.

గడప దగ్గర అడిగాను. "కాగితంలో ఉన్నట్టే చేస్తున్నావా అక్కా?"

"తు.చ. తప్పకుండా చేస్తాండా."

"సంగటి ఒక ముద్దేనా?"

"ఒగటే."

"అయితే లెక్క కుదరదు. నీకు తెలియకుండానే ఎక్కడో తింటున్నావు. మనిద్దరి ఒళ్ళూ ఒకటే గదా. నాకు దిగినది నీకు దిగకపోవడమేమిటి?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు పందొమ్మిదేళ్ళలో నేను చూడనిది. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. గంట మోగేదాకా అట్లే నిలబడింది.

ఆ తరువాత రోజూ అంతే. చక్రం చల్లారే కాలం అంత పొడుగైనదని నాకు ఇంతకుముందు తెలియదు.

నమోదు 6. పుబ్బ కార్తె

డాక్టర్ షమీమ్ గారి దగ్గరకు వెళ్ళి, నా జత నియమం తప్పుతున్నదని ఫిర్యాదు చేశాను.

ఆవిడ కలం కింద పెట్టారు. "ఓబులమ్మగారి సంగతి నేను చెప్పను, అది ఆవిడ సొంతం. యాభై దాటిన ఆడవాళ్ళ సంగతి చెబుతాను. ముట్లు ఆగినాక ఒంట్లో కొవ్వు చేరే చోటు మారుతుంది, కండ త్వరగా కరుగుతుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి నిద్ర తెగుతుంది. నిద్ర తెగిన ఒళ్ళు ఆకలిని పెంచుతుంది, నొప్పిని పెంచుతుంది. ఎంత కడుపు మాడ్చుకున్నా ముల్లు నిదానంగానే కదులుతుంది. మగవాళ్ళలోనైనా ఏ ఇద్దరి ఒళ్ళూ ఒకే తీరున బదులు చెప్పవు. తూకం ఒకటైతే ఒళ్ళు ఒకటే అన్నవాడు గొలుసు కట్టినవాడై ఉంటాడు, వైద్యం చేసినవాడు కాడు. మీ రాత్రి బడి పుస్తకంలో ఈ పాఠం లేదా?"

"ఉంది. పరీక్షకు రాదని పంతులుగారు వదిలేశారు."

"ఇప్పుడు వచ్చింది" అన్నారు ఆవిడ.

మరునాడు సాయంత్రం గడప దగ్గర, ముందుగా మనసులో కూర్చుకున్న మాటలు చెప్పాను. "ఓబులక్కా, నీ మీద నేను చేసిన ఆరోపణ శాస్త్రానికి విరుద్ధమైనది. నా దేహానికి వర్తించే సూత్రాన్ని..."

ఆమె గోడవైపునుంచి తిరగలేదు. "తప్పయిందంటాండావా?"

"అవును."

"ఆ ముక్క చెప్పను ఇంత సుట్టు తిరిగి రావల్లనా?" అని ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "కడుపు మాడి మాడి, తోటలో పచ్చిమిరపకాయ కూడా తీపిగా కనపడె. నువ్వొచ్చి దొంగతిండి అంటివి. అప్పుడే కమ్మీలు ల్యాకుంటే నీ చెవి మెలేసి ఉందును."

గంట మోగింది. తొట్టి కదిలాక పైనుంచి ఆమె గొంతు వినిపించింది: "కాగితం చించేసినాలే!"

నమోదు 7. హస్త కార్తె

రెండో పున్నమి కూడా దాటింది. తేడా కొంచెం పూడింది, చాలలేదు.

ఓబులక్క తానే వెళ్ళి వైద్యశాలలో కూర్చుని వేరే పద్ధతి తెచ్చుకుంది. కడుపు మాడ్చడం లేదు. ఉలవలు, గుడ్డు, వేయించిన చెనిక్కాయలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. నీళ్ళ బిందె అటూ ఇటూ మోయడం. సాయంత్రం చీకటిపడకముందే పక్క వేసుకోవడం, టీ మధ్యాహ్నానికే ఆపేయడం. వీటికి తోడు, మెట్లు.

మెట్ల గురించి చెప్పాలి. లోయ గోడ వెంట పైనుంచి అడుగుదాకా మెట్లున్నాయి. మా ఊళ్ళో "మెట్లు మేకలకూ, జత లేనోళ్ళకూ" అంటారు. జత చచ్చిపోయినవాళ్ళు, జతతో తగాదా పడ్డవాళ్ళు వాటి మీద కనిపిస్తారు. వాళ్ళను చూసి ముఖం తిప్పుకోవడం మర్యాద. డాక్టర్ గారు కండ కోసం నాకూ అదే చెప్పారు. వయసు మీద పడ్డాక ఒళ్ళు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండా పోతుందనీ, దాన్ని పనిపెట్టి నిలుపుకోవాలనీ అన్నారు. ఉత్తీర్ణుడైన మనిషిని, జత ఉన్న మనిషిని, మెట్లెక్కమంటారా అని నేను ఇంటికి వచ్చేశాను.

ఓబులక్క మాత్రం ఎక్కింది. మొదట తన వరుస నుంచి కింది వరుసకు దిగి, మళ్ళీ పైకి. దిగేటప్పుడు కమ్మీ పట్టుకొని, పక్కవాటంగా, పసిబిడ్డ దిగినట్టు. తరువాత రెండు వరుసలు.

"జనం చూడటం లేదా అక్కా?"

"సూస్తాండారు. మేకలకు ల్యాని సిగ్గు నాకెందుకు? తొడలు గట్టిపడినాయి తమ్ముడా, మోకాలు మునుపటి మాదిరి కూయడం ల్యా. రేత్రి నడుమ ల్యాచి కూర్చునేది గూడా తగ్గింది."

అది విన్నాక నేను సాల వెనక మెట్ల మీద, ఎవరూ లేనప్పుడు, ఒక వరుస దిగి ఎక్కడం మొదలుపెట్టాను. మూడో రోజునే దస్తగిరి ఎదురయ్యాడు. ఎటో చూస్తూ, "మేక తప్పిపోయిందా అన్నా?" అన్నాడు. "వెదుకుతున్నాను" అన్నాను.

ఒంటి సంగతి: నడుముపట్టీ ఇంకొక బెజ్జం లోపలికి వెళ్ళింది. అయినా తూకం అర కిలో పెరిగింది. ముందయితే భయపడేవాణ్ణి. ఇప్పుడు అది కొవ్వు పోయి కండ చేరడమని నాకు తెలుసు. పలకను ఒక్కడినే భుజానికి ఎత్తుకోగలుగుతున్నాను. చక్కెర హద్దుకు చాలా కిందికి వచ్చింది. వాకిట్లో చెప్పులు విప్పినది మళ్ళీ తొడుక్కుంటోందని డాక్టర్ గారు చెప్పారు.

నమోదు 8. చిత్త కార్తె

చివరి పున్నమి. నేను డెబ్బై రెండు. ఓబులక్క డెబ్బై ఆరున్నర.

నాలుగున్నర. దస్తగిరి మూడుసార్లు తూచాడు. మూడోసారి నన్ను నీళ్ళు తాగి వచ్చి ఎక్కమన్నాడు. ఓబులక్కే అడ్డుకుంది. "వద్దులే దస్తగిరీ. ఈ పొద్దు నీళ్ళు తాపుతావు, రేపు ఏం తాపుతావు? ఇప్పు."

అతడు బిళ్ళ విప్పాడు. పందొమ్మిదేళ్ళ రాపిడికి మా పేర్లు సగం అరిగిపోయి ఉన్నాయి. చుట్టూ నిలబడ్డవాళ్ళు, మర్యాద ప్రకారం, నేల చూశారు. బిళ్ళ ఎవరికివ్వాలో నియమంలో లేదు. దస్తగిరి కాసేపు దాన్ని చేతిలో పట్టుకొని, ఓబులక్క అరచేతిలో పెట్టాడు.

తోట అధికారి అక్కడే ఉన్నాడు. "ఓబులమ్మా, నీ మళ్ళు..." అని మొదలుపెట్టాడు.

"నా మళ్ళకేమయింది? పొద్దున్నే వచ్చి నీళ్ళు కడతా."

"ఎట్ల వస్తావు?"

"మెట్లుండాయి గదా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె అటువైపు కూడా చూడలేదు. తోటలో పనిచేయడానికి తొట్టి ఉండితీరాలని ఏ నియమంలోనూ రాసి లేదని, నియమాలు చదివినవాణ్ణి గనుక నేను పైకి చెప్పాను. అధికారి ఒప్పుకోక తప్పలేదు. ఒక్క పూట మళ్ళు ఎండినా వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు.

అందరూ వెళ్ళాక దస్తగిరి నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, నీకు రేపటికే జత ఉంది. పైవరుస వడ్లాయన, అడుగున చెక్కపని, సరిగ్గా డెబ్బై రెండు. అవునను, బిళ్ళ కొట్టిస్తా."

ఆలోచించుకొని చెబుతానన్నాను. ఇంటికి వచ్చి సంగటి ముద్ద తిన్నాను. సుంకులమ్మ నా ఎదురుగా కూర్చుంది. "ఆయమ్మ ఒగతే దిగల్లనా ఆ మెట్లన్నీ?" అన్నది.

నమోదు 9. స్వాతి కార్తె

తెల్లవారితే కార్తె మారింది. ఈ ఉదయం అడుగువరుస తొట్ల దగ్గరకు అలవాటుగా వెళ్ళి, దస్తగిరికి నా నిర్ణయం చెప్పాను. ఇది త్యాగం కాదని కూడా చెప్పాను. రోజూ ఎక్కే మెట్లు చక్కెరను హద్దులో ఉంచుతాయి, కండను నిలుపుతాయి. ఇది శాస్త్రమే.

"శాస్త్రమేలే అన్నా" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. అది తూకందారులు చేయని పని.

తొట్ల వరుసలో నిలబడ్డవాళ్ళంతా చూస్తుండగా మెట్లెక్కాను. మొదటి వరుస దాకా నా చెవులు వేడెక్కి ఉన్నాయి. రెండో వరుసకు వచ్చేసరికి ఊపిరి తప్ప మరొకటి గుర్తులేదు. ఏటి మీది గాలి వీస్తోంది. తొట్టిలో ఇన్నేళ్ళూ నాకు గాలి తగలలేదు.

నడిమి గడప బయట, గోడకు ఆనించి ఒక రాతి అరుగు ఉందని నాకు తెలియదు. ఓబులక్క అప్పటికే దాని మీద కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని, మోకాళ్ళు నిమురుకుంటోంది. ముఖమంతా చెమట. అరిగిన బిళ్ళ దారానికి కట్టి మెడలో వేసుకుంది.

"వస్తావని తెల్సులే" అన్నది. "వడ్లాయన కంటే నా మాటలు రుచి."

"మోకాళ్ళు ఎట్లున్నాయి?"

"మునుపు ఏడ్సేటివి. ఇప్పుడు గొణుగుతాండాయి." కొంగుముడి విప్పి వేయించిన చెనిక్కాయలు నా చేతిలో పోసింది. "సాయంత్రం ఎక్కేది తలుసుకుంటే బెదురుగానే ఉంది. ఎక్కల్యాకపోతే ఈడనే పడుకుంటా. నువ్వు దిగొచ్చేటప్పుడు ల్యాపు."

కమ్మీలు మధ్యలో లేకుండా ఆమెను చూడటం ఇదే మొదటిసారి. నాకంటె జానెడు పొట్టి. ఇంతకాలం అది నాకు తెలియదు.

ఇద్దరం చెనిక్కాయలు ఒలుచుకు తింటూ కూర్చున్నాం. ఆమె ముడత తెగులు సంగతి చెప్పింది. నేను కొత్త పలకల సంగతి చెప్పాను. అంతలో గోడ లోపల, వేరే ఎవరి జతో గడప దగ్గర ఆగిన చప్పుడు. కాసేపటికి గంట మోగింది.

ఇద్దరమూ చప్పున లేచి నిలబడ్డాం.

ఓబులక్క నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"అది మనకు గాదులే తమ్ముడా. కూర్చో."